టాప్ కమాండ్‌లో 'ఎస్‌టీ' కాలమ్, పెన్‌డ్రైవ్‌లో ఊరు

పోస్ట్ పెద్దది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. సెలవుల్లో మేం నడిపిన ఆట సర్వర్ గురించి చాలామంది అడుగుతున్నారు. "రాత్రి ఎనిమిది దాటితే ఆగి ఆగి ఎందుకు నడిచేది? మా ఊళ్లో సిగ్నల్ లేకనా అన్నా?" అని. సిగ్నల్ వల్ల కాదు. ఎందుకు కాదో మేం కొంచెం లోపలికి వెళ్లి చూశాం. చూసింది చూసినట్టు రాస్తున్నాం. బీటెక్ చదివే తమ్ముళ్లకు వర్చువలైజేషన్ అంటే రెండు మార్కుల ప్రశ్న. ఆ రెండు మార్కుల వెనక ఎంత కథ ఉందో మాకూ అంతకుముందు తెలీదు.

కొత్తవాళ్ల కోసం ముందు ఆట సంగతి. మేం పెట్టింది లువాంటి. ఇంతకుముందు దాని పేరు మైన్‌టెస్ట్, 2024లో మార్చారు. మైన్‌క్రాఫ్ట్ లాగే బ్లాకులతో కట్టుకునే ప్రపంచం. కానీ పైసా కట్టక్కర్లేదు, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. ఒక మెషిన్‌లో సర్వర్ పెడితే మిగతావాళ్లు ఫోన్ నుంచో ల్యాప్‌టాప్ నుంచో అందులోకి వస్తారు. సెలవులకు ఎవరి ఊళ్లకు వాళ్లం పోతాం కాబట్టి, పన్నెండు మందిమి తలా నలభై రూపాయలు వేసుకుని ఒక కంపెనీ దగ్గర చిన్న సర్వర్ నెల అద్దెకు తీసుకున్నాం.

మొదట అందరం కోటలు, సొరంగాలు కట్టాం. వారం తర్వాత ఆట వేరే దారి పట్టింది. మాలో ఒక అక్కది, ఆమె చిన్నాన్న కొడుకుది గోదావరి ఒడ్డున ముంపులో పోయిన ఊరు. ఇప్పుడు వాళ్లుండేది కాలనీలో, వరసగా ఒకే కొలత ఇళ్లు. ఈ ఇద్దరూ ఎవరికీ చెప్పకుండా ఆటలో ఒక మూల పాత ఊరు కడుతున్నారు. వాగు, వాగు దాటే రాళ్లు, బడి, ముత్యాలమ్మ గద్దె, ఎవరి దడి ఎక్కడిదాకా ఉండేదో అన్నీ. ఫోన్‌లో చూపిస్తే వాళ్ల అమ్మమ్మ తప్పులు దిద్దేది. "బావి మామిడిచెట్టుకి ఇవతల కాదే, అవతల." అప్పట్నుంచి మాకు ఆ సర్వర్ టైంపాస్ కాకుండా పోయింది. అది స్లో అయితే కోపం వచ్చేది. ఆ కోపంతోనే చదివాం.

లినక్స్‌లో 'టాప్' అని ఒక కమాండ్ ఉంటుంది. మెషిన్‌లో ఏ పని ఎంత ప్రాసెసర్ తింటుందో చూపిస్తుంది. పైన ఒక వరసలో శాతాలు ఉంటాయి, చివరి గడి పేరు 'ఎస్‌టీ'. మొదటిసారి చూసినప్పుడు అందరం నవ్వాం. ఇక్కడ కూడా మన కాలమ్ వేరే పెట్టారా, అదీ చివర్లో పెట్టారా అని. అది మన ఎస్టీ కాదు, 'స్టీల్' అనే మాటకు పొట్టి పేరు. స్టీల్ అంటే దొంగిలించడం. పగలు ఆ గడిలో సున్నా ఉండేది. రాత్రి ఎనిమిదికి 10, 15, ఒక్కోసారి 30 దాకా పోయేది.

దాని అర్థం ఇది. మేం అద్దెకు తీసుకున్నది నిజంగా ఒక కంప్యూటర్ కాదు. ఎక్కడో పెద్ద మెషిన్ ఒకటి ఉంది. దాని మీద హైపర్‌వైజర్ అనే ప్రోగ్రామ్ కూర్చుని, ఆ ఒక్క మెషిన్‌ని పదులకొద్దీ మెషిన్లుగా చూపిస్తుంది. ప్రతి ఒక్కరికీ తన సొంత ప్రాసెసర్, తన మెమరీ, తన డిస్క్ ఉన్నట్టే ఉంటుంది. లోపల పరిగెత్తే ప్రోగ్రామ్‌కి పక్కింటోడు ఉన్నాడని కూడా తెలీదు. దీన్నే వర్చువల్ మెషిన్ అంటారు. కొత్త సంగతేం కాదు. ఐబీఎం వాళ్లు 1972లోనే వీఎం/370 అని పెద్ద మెషిన్ల కోసం తెచ్చారు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్ల జెన్ 2003లో వచ్చింది. 2006లో అమెజాన్ అద్దె కంప్యూటర్లు మొదలుపెట్టింది ఆ జెన్ మీదే.

మెమరీని గట్లు వేసి పంచుకోవచ్చు. ప్రాసెసర్‌ని అలా పంచలేం, వంతులు వేయాలి. మిల్లీసెకన్ల లెక్కన నీకింత, వాడికింత. చాలాసార్లు చాలామంది ఖాళీగానే ఉంటారు కాబట్టి కంపెనీలు ఉన్న ప్రాసెసర్ల కన్నా ఎక్కువ అమ్ముతాయి. మన సంత జీపు గుర్తు తెచ్చుకోండి. మామూలు రోజుల్లో ఎనిమిది మందే వస్తారని నమ్మి డ్రైవర్ అందరికీ "సీటుంది, వస్తా ఆగు" అంటాడు. సంత రోజు అందరూ ఒకేసారి వస్తారు. అప్పుడు ఎవరు లోపల, ఎవరు వేలాడాలి, ఎవరు తర్వాతి ట్రిప్పు దాకా ఆగాలి అన్నది డ్రైవరే చెప్తాడు. మన వర్చువల్ మెషిన్ పనికి సిద్ధంగా నిలబడి ఉన్నా, హైపర్‌వైజర్ ఆ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తే, మనం కాచుకున్న ఆ సమయమే ఎస్‌టీ గడిలో కనబడేది. రాత్రి ఎనిమిదికి మా పక్కన ఉన్నవాళ్లు ఎవరో, ఏం నడుపుతున్నారో మాకు తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు.

ఒక చిన్న చిట్కా ఇక్కడే చెప్పేస్తాం. ఆట ఆగినప్పుడు నువ్వొక్కడివే ఆగి, మిగతావాళ్లు మామూలుగా తిరుగుతుంటే అది నీ నెట్. అందరూ ఒకేసారి బురదలో నడిచినట్టు నడిస్తే అది సర్వర్. ఊరికే టవర్‌ని తిట్టకండి. (టవర్‌ని తిట్టాల్సిన రోజులు వేరే ఉన్నాయి, అది ఇంకో పోస్ట్.)

ఇలా ఒకే మెషిన్‌ని పంచుకుని ప్రపంచాలు నడపడం మొదట్నుంచీ ఉన్నదే. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు స్టూడెంట్లు మడ్ అనే ఆట రాశారు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. చాలామంది ఒకేసారి ఒకే లోకంలో తిరిగే ఆటలకు అది మొదటిది అని చెప్తారు. అది నడిచింది యూనివర్సిటీ అందరూ వాడే పీడీపీ-10 మెషిన్ మీద. బయటివాళ్లు వచ్చి ఆడుకోవాలంటే రాత్రి పొద్దుపోయాక, మెషిన్ ఖాళీగా ఉండే గంటల్లోనే రానిచ్చేవారు. అంటే పగలు చదువుకి, రాత్రి ఆటకి. సరైన వాటానే అనిపించింది మాకు.

వాటా గొడవ పెద్దది అయ్యింది సెకండ్ లైఫ్‌లో. మీలో కొందరు పేరు విని ఉంటారు. 2003లో అమెరికాలో లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ తెరిచింది. అందులో గెలుపు ఓటములు లేవు. భూమి తీసుకోవడం, ఇల్లు కట్టడం, బట్టలు కుట్టి అమ్మడం, పెళ్లిళ్లు, కచేరీలు. భూమి ముక్కని రీజియన్ అంటారు. 256 మీటర్లు ఇటు, 256 మీటర్లు అటు. ఎకరాల్లో చెప్తే 16 పైన. ఆ రోజుల్లో ఒక పూర్తి రీజియన్‌కి ఒక ప్రాసెసర్ కోర్ కేటాయించేవాళ్లు. అంటే అక్కడ భూమి కొన్నావంటే నువ్వు కొన్నది మట్టి కాదు, ఎక్కడో ఒక కోర్ మీద వంతు. నెలనెలా అద్దె కట్టకపోతే ఆ 16 ఎకరాలు లేచిపోతాయి.

ఇంకో రకం భూమి కూడా పెట్టారు, పేరు ఓపెన్‌స్పేస్. సముద్రం, అడవి లాంటి ఖాళీ జాగాల కోసం. జనం పెద్దగా ఉండరు కాబట్టి నాలుగు ఓపెన్‌స్పేస్‌లని ఒకే కోర్ మీద పెట్టారు. అప్పట్లో పూర్తి రీజియన్‌లో 15,000 వస్తువులు పెట్టుకునే వీలుండేది, ఇందులో 3,750. ధర కూడా తక్కువ, నెలకు 75 డాలర్లు. తక్కువకి వస్తుందని వేలమంది తీసుకుని, ఆ 'అడవి'లో ఇళ్లు కట్టారు, దుకాణాలు పెట్టారు, అద్దెకిచ్చారు. ఒక ముక్కలో కచేరీ పెడితే అదే కోర్ మీద ఉన్న మిగతా మూడు ముక్కలవాళ్లు కదల్లేకపోయేవాళ్లు. వాళ్లు పక్కపక్కన కూడా ఉండరు. మ్యాప్‌లో ఒకరిది ఈ చివర, ఒకరిది ఆ చివర. ఎవరి వల్ల ఆగిపోతున్నామో తెలీని ఇరుగుపొరుగు.

2008 అక్టోబర్లో కంపెనీ ఒక్కసారిగా ధర 75 నుంచి 125 డాలర్లకు పెంచుతున్నాం అని చెప్పింది. గొడవైంది. అక్కడి జనం ఆ లోకంలోనే బోర్డులు పట్టుకుని నిరసన చేశారు. తర్వాత కంపెనీ కొంచెం తగ్గి, రెండు రకాలు చేసింది. ఓపెన్‌స్పేస్‌లో 750 వస్తువులే, నిజంగా ఖాళీ జాగాకే. కాపురం ఉండేవాళ్లకు హోమ్‌స్టెడ్ అని వేరే రకం, 3,750 వస్తువులు, ఒకేసారి 20 మందికి మించి రాకూడదు.

ఇది చదివి మా రూమ్‌లో రాత్రంతా వాదన. ఒకడు కంపెనీది న్యాయమే అన్నాడు. నాలుగు ఊళ్ల నీళ్లు ఒక ఊరు తోడేసుకుంటే ఎలా అని. ఇంకొకడు, మొదట తక్కువకి అమ్మి జనం చేరాక రేటు పెంచడం ఏం న్యాయం అన్నాడు. 'అడవి' అని కాగితం మీద రాసిన చోట మనుషులు ఉండటం అనగానే మనకి వేరే సంగతులు గుర్తొస్తాయి. కానీ రెండూ ఒకటి కావు. మన దగ్గర తాతల కాలం నుంచి ఉన్న చోటికి తర్వాత వచ్చి అడవి అని రాశారు. అక్కడ అడవి అని అమ్మిన చోటికి జనం తర్వాత వచ్చారు. అయినా మాకు తేడా ఇంకో చోట బలంగా కనబడింది. మన అటవీ హక్కుల చట్టంలో, 2006 నాటిదాంట్లో, అమలు ఎలా ఉన్నా, గ్రామసభ అనే మాట రాసి ఉంది. సెకండ్ లైఫ్‌లో ఏ సభా లేదు. కోర్ కంపెనీది, రూలూ కంపెనీదే. అరిస్తే వింటారు, వినకపోయినా చేసేదేం లేదు. 2020 చివరికి సెకండ్ లైఫ్ తన సొంత మెషిన్లు వదిలేసి అమెజాన్ మెషిన్ల మీదకి పోయింది. అంటే భూమి అమ్మే కంపెనీ కూడా ఇప్పుడు ఇంకొకరి దగ్గర కౌలుదారే.

కొరత వచ్చినప్పుడు పంచే పద్ధతి ఇంకోటి ఉంది. మాకు ఎక్కువ నచ్చింది అదే. ఈవ్ ఆన్‌లైన్ అని అంతరిక్షంలో ఓడలు నడిపే ఆట. ఐస్‌లాండ్ వాళ్లది, ఇదీ 2003లోనే వచ్చింది. వేల నక్షత్ర మండలాలు ఉంటాయి. జనం లేని మండలాలు చాలా కలిపి ఒక మెషిన్ మీద, జనం ఉన్నది విడిగా ఒక మెషిన్ మీద. కానీ ఒకే మండలంలోకి వేలమంది దూరితే దాన్ని ముక్కలు చేయలేరు. లెక్క చూడండి. పది మంది ఒక చోట ఉంటే ఒక్కొక్కరి కదలిక మిగతా తొమ్మిది మందికి చెప్పాలి, మొత్తం 90. వంద మంది ఉంటే 9,900. మనుషులు పదింతలు అయితే పని వందింతల పైన అవుతుంది. అందుకే ఎంత పెద్ద మెషిన్ తెచ్చినా ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది.

అప్పుడు వాళ్లేం చేశారంటే, కాలాన్నే నెమ్మది చేశారు. ఆ మండలంలో ఉన్న అందరికీ ఒకేలాగ. 2014 జనవరి 27న ఒక మండలం అద్దె బిల్లు కట్టాల్సిన గుంపు ఆ రోజు కట్టలేదు. శత్రువులు అది చూసి వచ్చి పడ్డారు. యుద్ధం 21 గంటలు నడిచింది, 7,500 మంది పైగా వచ్చి పోయారు. కాలం పదో వంతుకు తగ్గింది, అంటే ఆటలో ఒక సెకను జరగడానికి బయట పది సెకన్లు. మేడారం జాతరప్పుడు పస్రా దాటాక దారి ఎలా ఉంటుందో అలా. పెద్ద కారూ పాకుతుంది, ఆటో పాకుతుంది, ఎడ్లబండీ పాకుతుంది. నెట్ బాగున్నవాడు, ఖరీదైన కంప్యూటర్ ఉన్నవాడు ముందు కొట్టేసి పోయే వీల్లేదు. డబ్బున్నోడికీ లేనోడికీ ఒకే నెమ్మది. ఇలాంటి రూల్ రాసిన ఇంజినీర్ ఎవరో గానీ ఆయనకి దండం పెట్టాలి.

సరే, మా సంగతికి వద్దాం. సెలవులు అయ్యాక ఒకరోజు మా సర్వర్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మీ ప్లాన్ ఆపేస్తున్నాం, పదిహేను రోజుల్లో పెద్ద ప్లాన్‌కి మారండి, లేకపోతే డేటా తీసేస్తాం అని. పెద్ద ప్లాన్ మూడింతల రేటు. నోటీసు చదివి అక్క ఏమీ మాట్లాడలేదు. ఆమె తమ్ముడు మాత్రం "మళ్లీనా" అన్నాడు. ఆ ఊరికి ఇది రెండో నోటీసు.

కానీ ఈసారి ఒక తేడా ఉంది. వర్చువల్ మెషిన్ అంటే చివరికి ఒక ఫైలు. మెషిన్ మొత్తాన్ని, నడుస్తుండగానే, ఒక చోట నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లొచ్చు. 2005లో ఆ జెన్ వాళ్లే చేసి చూపించారు. క్వేక్ 3 అనే తుపాకుల ఆట సర్వర్‌ని, ఆరుగురు లోపల ఆడుతుండగా, ఒక మెషిన్ మీద నుంచి ఇంకో మెషిన్ మీదకి మార్చారు. ముందు మెమరీ అంతా కాపీ చేస్తారు. ఆ లోపల మారిన పేజీలని మళ్లీ కాపీ చేస్తారు. అలా తగ్గిస్తూ తగ్గిస్తూ పోయి చివరి గుప్పెడు మిగిలినప్పుడు ఒక్క క్షణం ఆపి, అటువైపు లేపుతారు. ఆ ఆగింది 60 మిల్లీసెకన్లు. కన్ను ఆర్పేంత కూడా కాదు. అందులో ఉన్నవాడికి తన కింద నేల మారిందని తెలీలేదు.

మాకు అంత సౌకర్యం లేదు. మెషిన్ ఫైలు ఇవ్వమంటే కంపెనీ ఇవ్వదు. కానీ లువాంటిలో లోకం మొత్తం ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. ఎంత పెద్ద లోకం అనుకుంటున్నారు? ప్రతి దిక్కుకీ దాదాపు 31,000 బ్లాకులు. మా ఫోల్డర్ మాత్రం 300 ఎంబీ కూడా లేదు. ఎందుకంటే ఎవరూ అడుగు పెట్టని చోటు అసలు పుట్టదు. ఎవరైనా దగ్గరికి వెళ్తేనే సర్వర్ దాన్ని లెక్క కట్టి తయారుచేస్తుంది. ఒకసారి పుట్టిన చోటు కూడా దగ్గర్లో ఎవరూ లేకపోతే డిస్క్‌లో పడుకుంటుంది. అక్కడి కోడి కదలదు. లోకం పెద్దది, మోసేది మాత్రం మనం నిలబడిన చుట్టుపక్కలే. అదంతా ఒక్క పెన్‌డ్రైవ్‌లోకి వచ్చింది. డౌన్‌లోడ్ అవుతుంటే అక్క పక్కనే కూర్చుంది, నూరు శాతం అయ్యేదాకా లేవలేదు.

ఇప్పుడు అది మా హాస్టల్లోనే నడుస్తోంది. వార్డెన్ సార్‌ని అడిగితే ఆఫీసులో పాత కంప్యూటర్ వాడుకోమన్నారు. ఒకటే షరతు, మెస్ బిల్లుల పని ఆగకూడదు. అందుకని దానిలో వర్చువల్‌బాక్స్ వేసి, ఆటకి ఒక వర్చువల్ మెషిన్ కట్టి, రెండు జీబీ మెమరీ, రెండు కోర్లు మించకుండా గీత గీశాం. మెస్ బిల్లులు కొట్టేటప్పుడు ఆట నెమ్మదిస్తుంది. మన వంతు ఎవరికి పోతుందో ఇప్పుడు మాకు తెలుసు: మా అన్నానికే. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, హాస్టల్ వైఫై రూటర్ చాలు.

కానీ రూల్ పెట్టేది మేమే అయ్యేసరికి అసలు కష్టం తెలిసింది. రెండో వారంలోనే సర్వర్ పాకడం మొదలైంది. చూస్తే తొమ్మిదో క్లాస్ తమ్ముడొకడు ఒక దొడ్లో 300 పైగా కోళ్లు పెంచాడు. ప్రతి కోడి ఎటు తిరిగింది, గోడకి తగిలిందా అని సర్వర్ సెకనుకి పదకొండు సార్ల దాకా లెక్క వేయాలి. పాపం వాడికేం తెలుసు, నాటుకోళ్ల వ్యాపారం అన్నాడు. పెద్దవాళ్లం ఇద్దరం తీసేస్తే పోతుంది అనుకున్నాం, పాస్‌వర్డ్ మా దగ్గరే కదా. అక్క ఒప్పుకోలేదు. "అందర్నీ కూర్చోబెట్టి అడగండి. చెప్పకుండా తీసేస్తే వాళ్లకీ మీకూ తేడా ఏంది?" అంది.

ఆదివారం మెస్‌లో కూర్చున్నాం. రెండు గంటలు పట్టింది. మనిషికి పదిహేను కోళ్లు అని తేలింది. కోళ్లు వద్దనుకున్నవాళ్లు తమ వాటా ఇంకొకరికి ఇవ్వొచ్చా అన్నదానిమీద పెద్ద గొడవ. ఇవ్వొచ్చు గానీ ఆట డబ్బులకి అమ్మకూడదు అని తీర్మానం. అందరూ ఒక్కచోట చేరే రోజు, అంటే ఆటలో సంత రోజు, కోళ్లని దొడ్డి దాటనియ్యకూడదు. కోళ్ల తమ్ముడికి ఇష్టం లేదు, కానీ చెయ్యెత్తాడు. ఇప్పుడు వాడే అందరి కోళ్లూ లెక్క చూస్తున్నాడు, మా కన్నా కచ్చితంగా. రూల్ కాగితం ఆఫీసు తలుపుకి అంటించాం. మీ హాస్టల్లో పెట్టుకోవాలంటే ఫోటో పంపిస్తాం, మెషిన్ సెట్ చేసే పద్ధతి కూడా రాసి పెడతాం. నాలుగు జీబీ మెమరీ ఉన్న ఏ పాత కంప్యూటర్ అయినా సరిపోతుంది.

ఊరి ఫోల్డర్ రోజూ రాత్రి పదింటికి దానంతటదే కాపీ అవుతోంది. ఒకటి హాస్టల్లో, ఒకటి అక్క పెన్‌డ్రైవ్‌లో. బావి సంగతి మాత్రం తేల్లేదు. అమ్మమ్మ మామిడిచెట్టుకి అవతల అంటుంది, కాలనీలో ఆమె తమ్ముడు తాత ఇవతలే అంటాడు. ఇద్దరూ ఆ బావి నీళ్లు తాగినవాళ్లే. అందుకని రెండు కాపీలు ఉంచాం, ఒకదాంట్లో బావి అటు, ఇంకోదాంట్లో ఇటు. వచ్చే ఎండాకాలం గోదావరి తగ్గితే పడవ మీద వెళ్లి చూసొస్తానని తాత అంటున్నాడు.